నోటితో చెప్పింది మరిచిపోతున్నాడు.. నిర్లక్ష్యమా?

ప్రశ్న: మా టీమ్‌లో చేరిన ఇంటర్న్ తనకు ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు నిలవని సమస్య) రెండూ ఉన్నాయని మొదటి వారమే నాతో చెప్పాడు. పని బాగా చేస్తాడు. కానీ నోటితో చెప్పిన వాటిలో సగం మరిచిపోతాడు. మీటింగుల్లో ఎవరి ముఖమూ చూడడు. సాయంత్రానికి బాగా నీరసపడిపోతాడు. అసలు రెండూ ఒకరికే ఉంటాయా? అతనితో నేనెలా మెలగాలి?

జవాబు: ఉంటాయండీ. ఒకప్పుడు మానసిక సమస్యల నిర్ధారణకు డాక్టర్లు వాడే అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మాన్యువల్ ప్రకారం ఆటిజం ఉన్నవారికి ఏడీహెచ్‌డీ కూడా ఉందని నిర్ధారించడానికి వీల్లేదు. 2013లో వచ్చిన దాని కొత్త ఎడిషన్ డీఎస్ఎం-5తో ఆ అడ్డు తొలగింది. ఇప్పుడు రెండూ ఉన్నవాళ్లను తరచూ చూస్తున్నాం.

ఇక మరుపు సంగతి. విన్న మాటను పని అయ్యేదాకా మనసులో పట్టి ఉంచేదాన్ని వర్కింగ్ మెమరీ అంటాం. ఏడీహెచ్‌డీ ఉన్న చాలామందిలో ఇది బలహీనం. మీరు నడుస్తూ నడుస్తూ నాలుగు పనులు చెబితే, మూడోది వినేసరికి మొదటిది జారిపోతుంది. మందలిస్తే టెన్షన్ పెరిగి ఇంకాస్త జారుతుంది, అంతే. ఏం చేయాలి, ఎప్పటికి కావాలి, ముందు ఏది అన్నది రెండు లైన్ల మెసేజ్ పెట్టండి. ‘వీలు చూసుకుని చెయ్యి’ అనకండి. మీ లెక్కలో దానర్థం ‘ఈరోజే’ అని అతనికెలా తెలుస్తుంది? రెండు వారాల పనైతే మధ్యలో చిన్న చిన్న గడువులు పెట్టండి. ఎక్కడో దూరంగా ఉన్న చివరి తేదీ ఇలాంటివాళ్ల మనసుకు ఆనదు.

ముఖం చూడకపోవడాన్ని పట్టించుకోకండి. ఆటిజం ఉన్న కొందరికి కళ్లలోకి చూస్తూ వినడం కష్టం. చూడమని పట్టుబడితే చూస్తారు, మీ మాట మాత్రం తలకెక్కదు.

సాయంత్రం నీరసం గురించే నేను కొంచెం ఆలోచిస్తాను. అందరిలా కనిపించాలని పొద్దంతా తంటాలు పడటం మనిషిని బాగా అలసిపోయేలా చేస్తుంది. దానికి ఫోన్ల మోత, కళ్లలో కొట్టే లైట్లు తోడు. ఒక మూల సీటు, హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వెసులుబాటు ఇస్తే తేడా కనిపించవచ్చు. నిద్ర, ఆకలి తగ్గి, ఇష్టమైన పనిమీద కూడా ఆసక్తి పోయి రెండు వారాలు దాటితే మాత్రం తన డాక్టర్‌ను కలవమనండి. ఏ మందులు వాడుతున్నాడని మీరు ఆరా తీయకండి. మీతో చెప్పిన విషయం అతని అనుమతి లేకుండా టీమ్‌లో ఎవరికీ చెప్పకండి.

ఇవన్నీ రేపే అమలు చేసేయకండి. హెడ్‌ఫోన్స్ తనకు అక్కర్లేకపోవచ్చు. ‘ఏం మారిస్తే నీకు పని తేలికవుతుంది?’ అని ముందు అతన్నే అడగండి. అదీ మీటింగులో కాదు, మెసేజ్‌లో. జవాబు ఆలోచించుకోవడానికి ఒకటి రెండు రోజులు ఇవ్వండి.