డ్రైసూట్ మెడ దగ్గర బిగిస్తే ఓర్చుకోకండి, కత్తెర మాత్రం చివర్నే

ప్రశ్న: మాది మిర్యాలగూడ. తమ్ముడు గ్లాస్గోలో చదువుకుంటున్నాడు. అక్కడ డైవింగ్ క్లబ్‌లో చేరి సెకండ్ హ్యాండ్‌లో ఒక డ్రైసూట్ కొన్నాడు, సెలవులకు వస్తూ వెంట తెచ్చాడు. దాని మెడ దగ్గర, మణికట్ల దగ్గర ఉండే రబ్బరు సీల్స్ బాగా బిగుతు. ఇంట్లో వేసుకుని చూస్తే పది నిమిషాలకే మొహం ఎర్రబడింది, కళ్ళు తిరుగుతున్నట్టుంది అన్నాడు. క్లబ్‌లో ఎవరో 'నాలుగుసార్లు దిగితే అదే అలవాటవుతుంది' అన్నారట. మా వీధి టైలర్‌కు చూపిస్తే రెండు వేళ్ళ వెడల్పు కోసేస్తే సరిపోతుందన్నాడు. ఏం చేయమంటారు?
(ఒక పాఠకుడు, మిర్యాలగూడ)

జవాబు: ముందు ఆ టైలర్‌ను ఆపండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. రెండు వేళ్ళ వెడల్పు కోస్తే ఆ సీల్ ఇక పనికిరాదు.

డ్రైసూట్ ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం ఒక మాట. ఇది లోపలికి చుక్క నీరు రాకుండా ఒళ్ళంతా కప్పే సూట్. నీళ్ళు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి, స్కాట్లాండ్ సముద్రం చలికాలంలో 6, 7 డిగ్రీలకు పడిపోతుంది, అందుకే అక్కడివాళ్ళకు ఇది కావాలి. లోపల ఉన్ని బట్టలు వేసుకుని పైన దీన్ని తొడుక్కుంటారు. నీళ్ళు లోపలికి రాగలిగే దారులు ముఖ్యంగా మూడు, మెడ ఒకటి, రెండు మణికట్లు. ఆ మూడు చోట్లా చర్మానికి అతుక్కుని ఉండేవే సీల్స్. కాబట్టి కొంత బిగుతు ఉండాల్సిందే. ఎంత అన్నదే ప్రశ్న.

'అలవాటవుతుంది' అన్న మాట వింటే నాకు నిజంగా భయమేస్తుంది. మెడకు రెండు పక్కలా, దవడ కింద, మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళాల దగ్గర బీపీని కనిపెట్టే చోటు ఒకటుంది. దాన్ని బయటినుంచి నొక్కితే ఒంట్లో బీపీ పెరిగిపోయిందని మెదడు పొరబడుతుంది, వెంటనే గుండె వేగం తగ్గిస్తుంది, రక్తనాళాలను వదులు చేస్తుంది, ఫలితంగా తల తిరుగుతుంది, కళ్ళ ముందు మసక కమ్ముతుంది, మరీ ఎక్కువైతే మనిషి స్పృహ తప్పుతాడు. ఒడ్డున కుర్చీలో కూర్చున్నవాడికి అలా అయితే పక్కవాళ్ళు పట్టుకుంటారు. నీళ్ళ లోపల ఎవరు పట్టుకోవాలి? మీ తమ్ముడికి ఇంట్లో కళ్ళు తిరిగినట్టు అనిపించడం ఇలాంటిదే. ఆ సూట్ సరిచేసేదాకా నీళ్ళలోకి దిగొద్దని గట్టిగా చెప్పండి. సూట్ తీసేశాక కూడా కళ్ళు తిరుగుతుంటే డాక్టర్‌కు చూపించండి, అప్పుడది సూట్ సంగతి కాదు.

ఇది పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. నేను నార్వేలో పనిచేసిన రోజుల్లో ఒకచోట అద్దెకు తెచ్చుకున్న సూట్ మెడ బాగా పట్టేసింది, నోరు తెరిచి అడగడానికి మొహమాటపడ్డాను. పడవ మీద నిలబడి ఫిన్స్ (ఈతకు పాదాలకు వేసుకునే రెక్కలు) తొడుక్కుందామని వంగేసరికి కళ్ళు చీకట్లు కమ్మాయి. పక్కనున్న అతను సీల్‌లోకి రెండు వేళ్ళు పెట్టి లాగి పట్టుకోగానే తేరుకున్నాను. మీ తమ్ముడికి ఆ వేళ్ళు పెట్టి లాగే ఉపాయం ముందే నేర్పండి. నీళ్ళలో తల తేలికైనట్టు అనిపించిన క్షణం చేయాల్సింది అదే, ఆ వెంటనే తోడున్నవాడికి సైగ చేసి మామూలు వేగంతో పైకి వచ్చేయాలి.

ఇక పనిలోకి వద్దాం. ఆ సీల్ దేనితో చేశారో చూడండి. నల్లగా, పల్చగా, నున్నగా, దళసరి బెలూన్‌లా సాగితే లేటెక్స్. స్పాంజిలా మెత్తగా, కాస్త మందంగా, ఒకవైపు బట్ట అంటించి ఉంటే నియోప్రీన్. జారిపోయేటట్టు మెత్తగా ఉండి, సూట్‌కు ఒక గట్టి రింగుతో బిగించి ఉంటే చాలావరకు సిలికాన్. సిలికాన్ అయితే సాగదీసి లాభం లేదు, మళ్ళీ ముడుచుకుంటుంది, దాని మీదున్న గీతల ప్రకారం కోయడమే. మిగతా రెండూ సాగుతాయి, వాటికి కత్తెర అక్కర్లేకుండానే పని జరగవచ్చు.

టైలర్ దగ్గరి టేపుతో తమ్ముడి మెడ కొలవండి, ఆ టైలర్ సాయం అంతవరకే. చుట్టుకొలత 38 సెంటీమీటర్లయితే దాదాపు 12 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా వెతకండి, వంటింట్లో పప్పులు పోసుకునేవాటిలో ఒకటి దొరుకుతుంది. దానికి సీల్ తొడిగి రాత్రంతా నీడలో ఉంచండి. పొద్దున తీసి వేసుకుని చూడండి. చాలకపోతే ఇంకో రాత్రి, అవసరమైతే ఇంకోటి. మణికట్లకు నీళ్ళ సీసా సరిపోతుంది. డబ్బా అంచు పదునుగా ఉండకూడదు. మన ఇళ్ళలో చేతికి మొదట తగిలేది రాగి చెంబో ఇత్తడి బిందో, దయచేసి అవి వాడకండి. సహజ రబ్బరుకు రాగి పడదు, ఇత్తడిలోనూ ఉండేది రాగే, తగిలిన చోట రబ్బరు త్వరగా పాడవుతుంది. స్టీలు, ప్లాస్టిక్ రెండూ మంచివే.

మూడు రాత్రుల తర్వాత కూడా లేటెక్స్ సీల్ పట్టేస్తుంటే అప్పుడు కత్తెర. సీల్ గరాటులా ఉంటుంది కదా, సన్నటి మూతి వైపు కోసిన కొద్దీ నోరు వెడల్పవుతుంది. అందుకే కొన్ని మిల్లీమీటర్లు కోసినా తేడా బాగా తెలుస్తుంది, ఎక్కువ కోస్తే అతికించే దారి లేదు. చాలా సీల్స్ మీద వరుసగా ఉబ్బెత్తు గీతలుంటాయి. ఒకసారికి ఒక్క గీత. పొడుగాటి, పదునైన కత్తెర తీసుకుని, ఒకరు సీల్‌ను సాగదీసి పట్టుకుంటే ఇంకొకరు మధ్యలో ఆపకుండా ఒకే వరుసలో కోయాలి. చిన్నచిన్నగా కత్తిరిస్తూ పోతే అంచున మెట్లు మెట్లుగా గాట్లు మిగులుతాయి, తర్వాత తల దూర్చేటప్పుడు సీల్ ఆ గాటు దగ్గరే సర్రున చిరుగుతుంది. కోశాక అంచు చుట్టూ వేలు తిప్పి చూడండి, గాటు తగిలితే దాన్ని నున్నగా సరిచేయండి. మళ్ళీ వేసుకుని పదిహేను నిమిషాలు ఉండాలి. ఆ తర్వాతే రెండో గీత సంగతి.

సరిపోయిందని ఎలా తెలుస్తుంది అంటారా? ఉమ్మి మింగితే అడ్డం తగలకూడదు, తల రెండు వైపులా తిప్పగలగాలి, మొహంలో నరం కొట్టుకుంటున్నట్టు ఉండకూడదు. చేతుల్లో తిమ్మిరి రాకూడదు, గోళ్ళ రంగు మారకూడదు. చర్మం మీద పడిన గుర్తు కాసేపటికి పోవాలి.

మణికట్టు దగ్గర మాత్రం కోయడానికి తొందరపడొద్దు. పిడికిలి బిగించి చూసుకోండి, లోపలి వైపు నరాలు తీగల్లా లేస్తాయి, వాటి మధ్య పల్లంలోంచే నీళ్ళు జారిపోతాయి. కొన్నిసార్లు సీల్‌ను ఎముక మీంచి పైకి, ముంజేతి వైపు జరిపితే చాలు, అటు బిగుతూ తగ్గుతుంది, ఇటు కారడమూ ఆగుతుంది. సీల్ దాటాక సూట్ లోపలి వైపు చేతి చుట్టూ పాత పేపరు ముక్క చుట్టి, చేతిని బకెట్ నీళ్ళలో పెట్టి ఐదు నిమిషాలు వేళ్ళు ఆడించమనండి. పేపరు పొడిగా ఉంటే సీల్ బాగున్నట్టే.

వేసుకునే పద్ధతి వల్ల కూడా సగం ఇబ్బంది వస్తుంది. గాజులమ్మే ఆమె సబ్బు నురగ రాసి, బొటనవేలిని అరచేతిలోకి మడిపించి, చేతిని సన్నగా చేసి గాజు ఎక్కిస్తుంది చూశారా, అచ్చం అలాగే. సబ్బు నీళ్ళు కానీ సువాసన లేని టాల్కం కానీ వాడొచ్చు. కొబ్బరినూనె, వాజిలిన్ మాత్రం లేటెక్స్‌ను తినేస్తాయి. తమ్ముడు తలకు నూనె పెట్టుకునే అలవాటుంటే ఆ రోజుకు మానేసి మెడ వెనక సబ్బుతో కడుక్కోవాలి. గోళ్ళు తీసుకోవాలి. సీల్‌ను అంచు పట్టి లాగకుండా వేళ్ళు లోపలికి పెట్టి అరచేతుల బలంతో విప్పాలి.

ఇది పాత సూట్ అన్నారు కాబట్టి ఇంకొకటి. లేటెక్స్ చేతికి జిగటగా అంటుకుంటున్నా, సాగదీస్తే సన్నటి పగుళ్ళు కనిపిస్తున్నా ఈ శ్రమంతా వద్దు, కొత్త సీల్స్ వేయించడమే నయం. మన దగ్గర మే నెలలో రేకుల గదిలో పెడితే మంచి సీల్ కూడా చెడిపోతుంది. ఎండ, వేడి రెండూ రబ్బరుకు శత్రువులే. నడుస్తున్న కొన్ని రకాల మోటార్ల దగ్గర పుట్టే ఓజోన్ వాయువు కూడా అంతే, కాబట్టి వాటి పక్కన పెట్టకండి. కడగడానికి మన బోరు నీళ్ళకన్నా నల్లాలో వచ్చే కృష్ణా నీళ్ళు మేలు. ఉప్పునీళ్ళు ఆరితే జిప్పు మీద తెల్లటి పొర కడుతుంది.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. మా వారితో కలిసి ఐస్‌లాండ్ వెళ్తున్నాం, అక్కడ సిల్ఫ్రాలో స్నార్కెలింగ్ (నోట్లో గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి మీద తేలుతూ ఈదడం) బుక్ చేశాం. డ్రైసూట్ వాళ్ళే ఇస్తారట. నాకు మెడ దగ్గర ఏది బిగుతుగా ఉన్నా ఊపిరాడనట్టు టెన్షన్. బెలూన్లు ఊదితే పెదాలు దురద పెడతాయి. పుస్తెలతాడు తీయడం నాకిష్టం లేదు. వెళ్ళమంటారా?

జవాబు: వెళ్ళండమ్మా, ఉత్తర అమెరికా, యురేషియా భూఫలకాలు విడిపోతున్న చోట ఏర్పడ్డ పగులు అది, నీళ్ళు అద్దంలా ఉంటాయి. కానీ 2 నుంచి 4 డిగ్రీల చలి, సూట్ లేకుండా కుదరదు. బెలూన్‌తో దురద అంటున్నారు, అది లేటెక్స్ అలర్జీ కావచ్చు. ప్రయాణానికి ముందే డాక్టర్‌ను కలవండి, అక్కడివాళ్ళకు ఇవాళే మెయిల్ పెట్టి సీల్స్ దేనివో అడగండి, నియోప్రీనో సిలికానో ఇమ్మనండి. ఆ రోజు పొద్దున అడుగుదాంలే అనుకోవద్దు. బిగుతు సంగతికొస్తే, ఇంట్లో మెడ వరకు వచ్చే స్వెటర్ వేసుకుని కాసేపు పని చేసుకుంటూ ఉండండి, ఆ ఒత్తిడి ఎలా ఉంటుందో మనసుకు తెలుస్తుంది. ఊపిరాడనట్టు అనిపించడం వేరు, కళ్ళు తిరగడం వేరు. మొదటిది నెమ్మదిగా గాలి పీల్చుకుంటే తగ్గుతుంది. రెండోది వస్తే సూట్ మార్చమని అడగండి, మొహమాటం వద్దు.

పుస్తెలతాడు పొడుగ్గా ఉంటుంది కాబట్టి తీయాల్సిన అవసరం రాకపోవచ్చు. మెడ మొదట్లోకి జరిపి లోపలి బట్ట కాలరు కిందికి దోపేయండి, సీల్ దానికంటే ఎగువన, మెడ చర్మం మీదే పడాలి. సీల్‌కూ చర్మానికీ మధ్య మాత్రం గొలుసూ ఉండకూడదు, వెంట్రుక కూడా ఉండకూడదు. జడ పైకి చుట్టి కట్టుకోండి, నల్లపూసల్లాంటి పొట్టి గొలుసులు తీసి భద్రంగా పెట్టుకోండి, గాజులు, వాచీ కూడా.

ప్రశ్న: మా ఫ్రెండ్ దగ్గర డ్రైసూట్ ఉంది. నాగార్జునసాగర్ వెనక నీళ్ళలో వేసుకుని ప్రాక్టీస్ చేయొచ్చా?
(ఒక పాఠకుడు, దేవరకొండ)

జవాబు: వద్దు. అనుమతి లేకుండా జలాశయంలో దిగడమే తప్పు, పైగా మన ఎండలో ఆ సూట్ వేసుకుని ఒడ్డున పావుగంట నిలబడితే చాలు, వడదెబ్బ తగలొచ్చు. డ్రైసూట్‌లో గాలి కాళ్ళ వైపు చేరితే మనిషి తలకిందులై పైకి తేలిపోతాడు, దాన్ని ఎలా సరిచేసుకోవాలో శిక్షకుడు పక్కన ఉండగా స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకోవాలి. మీ ఫ్రెండ్ నేర్చుకున్నాడా అని అడగండి.