పాలసీలో ‘రెంటల్’ ఉంటే అద్దె కారుకు దెబ్బ తగిలినా భయం లేదా?

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో వడగళ్ల వానకు మీ కారు సొట్టలు పడి బాడీ షాపుకు వెళ్తోంది. పాలసీలో ‘రెంటల్’ అన్న వరుస ఉంది కాబట్టి అద్దె కారు కౌంటరులో అమ్మే రక్షణ అక్కర్లేదు కదా అని అడిగారు. ఇండియా నుంచి వచ్చిన మీ బావగారు ఆ కారు నడపవచ్చా అన్నది రెండో ప్రశ్న.

అక్కర్లేకపోవచ్చు. కానీ అందుకు కారణం ఆ రెంటల్ వరుస మాత్రం కాదు. అది మీ కారు షాపులో ఉన్నంతకాలం అద్దె చెల్లించడానికే. అద్దె కారుకు గీత పడినా అందులోంచి ఒక్క డాలరు రాదు. ఆ నష్టానికి డబ్బు రావలసింది కొలిజన్ (గుద్దుకుంటే), కాంప్రహెన్సివ్ (వడగళ్లు, దొంగతనం లాంటివాటికి) వరుసల నుంచి. మీ కారుకు అవి ఉంటే సాధారణంగా అమెరికాలో తీసుకున్న అద్దె కారుకూ వర్తిస్తాయి, అదే డెడక్టిబుల్‌తో, అంటే ముందుగా మీరు భరించాల్సిన మొత్తంతో. వడగళ్ల క్లెయిము ఒప్పుకున్నారంటే కాంప్రహెన్సివ్ ఉన్నట్టే. కొలిజన్ ఉందో లేదో డిక్లరేషన్ పేజీలో (పాలసీలో ఏమేం ఉన్నాయో చూపే పేజీ) చూసుకోండి. లేకపోతే కౌంటరులో అమ్మే ఆ రక్షణ, అంటే వేవర్ (కారు దెబ్బతిన్నా ఆ ఖర్చు మిమ్మల్ని అడగమని అద్దె సంస్థ ఇచ్చే మాట), తీసుకోండి, ఇక ఆలోచించనక్కర్లేదు.

నేను ప్లానోలో ఉంటాను, ఇదే వడగళ్ల బాధ పడ్డాను. వడగళ్లు పడితే ఊళ్లోని కార్లన్నీ ఒకేసారి షాపుల ముందు వరుస కడతాయి. రెంటల్ కవరేజీకేమో హద్దు ఉంటుంది: రోజుకు 30 డాలర్లు, మొత్తం 900 అన్నట్టు. షాపువాళ్లు ఆలస్యం చేస్తే మిగతా అద్దె మీ జేబులోంచే. అందుకే అద్దాలు, దీపాలు బాగున్నంతవరకు సొట్టల కారే నడిపాను. విడిభాగాలు వచ్చాయని షాపు నుంచి ఫోను వచ్చాకే దాన్ని అప్పగించి అద్దె కారు తీసుకున్నాను. ఆఫీసులో అందరూ నవ్వారు, నవ్వనివ్వండి. పన్నులు, రుసుములు ఆ 30లోకే వస్తాయో లేదో అడ్జస్టరును (మీ క్లెయిము చూసే ఇన్సూరెన్సు ఉద్యోగిని) ముందే అడగండి.

ఆ అద్దె కారును అపార్ట్‌మెంటు పార్కింగులో ఎవరో గుద్ది వెళ్లిపోయారు. అద్దె సంస్థ పంపిన బిల్లులో మరమ్మతు ఒక్కటే లేదు. కారు మూలన పడి ఉన్న రోజులకు పోయిన ఆదాయమని ఒక పద్దు, కాగితాల పనికి రుసుమని ఇంకో పద్దు. దెబ్బతిన్న కారు విలువ తగ్గిందంటూ కూడా కొందరు అడుగుతారు. నా ఇన్సూరెన్సు డెడక్టిబుల్ పోను మరమ్మతు ఖర్చు ఇచ్చింది, తక్కినవాటికి ఇవ్వలేదు. చాలా పాలసీలు ఇక్కడే చేతులెత్తేస్తాయి, లేదా కొంత ఇచ్చి ఊరుకుంటాయి. ఆ రోజుల్లో మీ దగ్గర అద్దెకు వేరే కార్లు లేవని చూపే లెక్క పంపండి అని సంస్థకు రాశాను. ఆదాయం పద్దు తగ్గించారు. కాగితాల రుసుము మాత్రం వదల్లేదు.

క్రెడిట్ కార్డు ఉందిగా అంటారేమో. చేజ్ సఫైర్ ప్రిఫర్డ్ లాంటి కార్డు సెలవు ప్రయాణానికి నిజంగా బాగుంటుంది, మీ పాలసీని కదపకుండా ముందు తనే చెల్లిస్తుంది. షాపు అద్దె సంగతి వేరు. చాలా కార్డులు అద్దె మొత్తం తమ మీదే పెట్టాలంటాయి, మరి మీ అద్దె ఇన్సూరెన్సు నేరుగా కట్టేస్తుంది. పైగా అమెరికాలో అద్దె 15 రోజులు దాటితే కొన్ని కార్డులు అసలు ఒప్పుకోవు. ఎదుటివారి కారుకు, మనుషులకు జరిగిన నష్టం కార్డు పరిధిలోకే రాదు. దానికి మీ లయబిలిటీయే దిక్కు.

వేవర్ రోజుకు సుమారు 25 డాలర్లనుకుంటే మూడు వారాలకు 500 డాలర్ల డెడక్టిబుల్‌ను దాటిపోతుంది. రెంటల్ కవరేజీ మామూలుగా ఆ ఖర్చు ఇవ్వదు. అందుకని డెడక్టిబుల్ 500 అయితే నేను వద్దంటాను, 2,000 అయితే తీసుకుంటాను. ‘పాలసీ ఉంటే చాలు, వేవర్ ఎవరికీ అక్కర్లేదు’ అని న్యూయార్కులో ఉన్న మిత్రులు వాట్సాప్‌లో చెప్పే మాట మాత్రం పట్టించుకోకండి. అక్కడి చట్టం ప్రకారం అద్దె కారు నష్టానికి రక్షణ పాలసీలోనే కలిసి ఉండాలి, టెక్సస్‌లో అలా కాదు.

ఇక మీ బావగారు. ఆయన పేరు అద్దె ఒప్పందంలో రాయించకుండా తాళం ఇవ్వకండి. పేరు లేని మనిషి నడిపితే, డబ్బు కట్టి కొన్న వేవర్ కూడా చెల్లదు. అతిథి నడిపితే మీ పాలసీ ఒప్పుకుంటుందా అని ఏజెంటును అడిగి, జవాబు ఈమెయిలులో తీసుకోండి. ఆయన విడిగా కారు అద్దెకు తీసుకుంటే నా సలహా పూర్తిగా మారుతుంది. ఇక్కడ ఆయనకు ఏ పాలసీ లేదు కాబట్టి వేవరుతో పాటు అదనపు లయబిలిటీ కూడా కొనాలి. 2005 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, కారు తమదైనంత మాత్రాన ప్రమాద నష్టానికి అద్దె సంస్థ బాధ్యత వహించదు.