రాళ్ల వాన లెక్క ఎట్లా రాయాలి?

ప్రశ్న: రాళ్ల వాన పడ్డప్పుడల్లా ఫొటోలు తీసి గ్రూపుల్లో పెడుతున్నం. వాతావరణ శాఖకు పనికొచ్చేటట్టు పంపాలంటే ఏం చేయాలె? రాడార్ ఉండంగ మేం చెప్పేది వాళ్లకు అవసరమేనా?
– మిర్చి రైతు, నర్సంపేట

జవాబు: అవసరమే. భూమి వంపు వల్ల హైదరాబాద్ రాడార్ కిరణం మీ ఊరి దగ్గరికొచ్చేసరికి రెండు కిలోమీటర్లకు పైఎత్తున పోతుంది. మేఘంలో వడగండ్లున్నాయని అది పసిగట్టొచ్చు. అవి దారిలోనే కరిగాయా, మీ కల్లంలో ఎంత సైజువి పడ్డాయా అన్నది అక్కడున్నవాళ్లే చెప్పాలి.

'నిమ్మకాయంత' అని మాత్రం రాయకండి, నిమ్మకాయలన్నీ ఒక్క తీరుగా ఉండవు. రాయి పక్కన స్కేలో, పది రూపాయల బిళ్లో (అడ్డుకొలత 27 మి.మీ.) పెట్టి సరిగ్గా పైనుంచి ఫొటో తీయండి. అన్నిటికన్నా పెద్దది ఎంత, ఎక్కువ శాతం ఏ సైజువి అన్నవి రెండూ రాయాలి. నాలుగు రాళ్లు అతుక్కున్న ముద్దను ఒక్క రాయిగా లెక్కేయొద్దు.

ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రావొద్దు. అప్పటికి రాళ్లు కరిగిపోతాయి కాబట్టి థర్మాకోల్ పలక ముందే సిద్ధంగా ఉంచుకోండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న పలకకు వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముడతల్లేకుండా చుట్టి, ఆరుబయట చదునుగా బిగించాలి. ఫాయిల్ లేకుంటే ఎండకు థర్మాకోల్ పెళుసెక్కుతుంది. రాళ్లు పడ్డచోట గుంటలు మిగులుతాయి. అమెరికాలో 1998లో మొదలైన, వాన, వడగండ్లు కొలిచే 'కొకోరాస్' బృందం వలంటీర్లు వాడేది ఇదే. ఒక్కో వానకు ఒక్కో పలక. తీసేముందు ఉత్తర దిక్కు గుర్తు, తేదీ, టైము పలక మీదే రాయండి.

వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో జనం తమ ఊరి వాన, వడగండ్లు, గాలి వివరాలు నమోదు చేసే పేజీ ఉంది. మొదలైన టైము, ఆగిన టైము, ఊరు, మండలం అందులో రాయండి. అసలు ఫొటో దాచుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అందులోని టైము, లొకేషన్ వివరాలు పోతాయి.

ప్రశ్న: స్కూల్లో వానమాపకం మేమే చేసుకోవచ్చా?
– టీచర్, ములుగు

జవాబు: చేసుకోవచ్చు. నోరు 16 సెం.మీ. అడ్డుకొలత ఉన్న గరాటు తీసుకుంటే లెక్క సులువు: డబ్బాలో చేరే ప్రతి 20 మి.లీ. నీళ్లు 1 మి.మీ. వాన. గరాటు అంచు నేలకు 30 సెం.మీ. ఎత్తున, చెట్టుకో గోడకో దాని ఎత్తుకు రెట్టింపు దూరంలో ఉండాలి. రోజూ ఉదయం 8:30కే కొలవాలి. వాన పడని రోజు సున్నా వేయాలి. ఖాళీ వదిలితే వాన లేదో, మీరు చూడలేదో తెలియదు.

ఎక్కువమంది దెబ్బతినేది డబ్బా సైజు దగ్గర. రెండు లీటర్ల సీసా 100 మి.మీ.కే నిండిపోతుంది. 2023 జులై 27 ఉదయానికి మీ జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మి.మీ. పడింది. ఈ గరాటు కింద అది 13 లీటర్లు! 15 లీటర్ల బకెట్‌లో సీసా నిలబెట్టి, పొర్లిన నీళ్లు కూడా కలిపి కొలవండి. బకెట్‌లో నేరుగా వాన పడకుండా మూత వేసి, గరాటుకు మాత్రం దారి ఉంచాలి.

ప్రశ్న: ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో చెట్లు కూలినట్టు మళ్లీ జరిగితే ఏం రాసుకోవాలి?
– హన్మకొండ

జవాబు: 2024 ఆగస్టు 31న అక్కడ వేలాది చెట్లు నేలకొరిగాయి. ఇలాంటిచోట చెట్లు ఏ దిక్కుకు పడ్డాయన్నదే పెద్ద ఆధారం. అన్నీ ఒకే వైపుకో, విసనకర్రలా విచ్చుకునో పడితే మేఘం నుంచి కిందికి దూకిన గాలి అనుకోవాలి. సన్నని దారికి రెండువైపులా లోపలికి, ఒకదానిమీదొకటి అడ్డదిడ్డంగా పడితే సుడిగాలిని అనుమానించాలి. మొదలు దగ్గర నిలబడి, కొన వైపు ఫోన్ దిక్సూచి పెట్టి డిగ్రీలు రాసుకోండి. బండికి దూరంగా నిలబడాలి, ఇనుము దగ్గరుంటే ముల్లు తప్పు చూపిస్తుంది. వేళ్లతో లేచిందా, మధ్యలో విరిగిందా అన్నదీ రాయండి. రోడ్డు మీది చెట్లను కోసి పక్కకు లాగకముందే ఈ పని కావాలి. అడవి లోపలికైతే అటవీ శాఖ అనుమతితోనే వెళ్లండి.