రెండు చోట్ల గడ్డ: పాకినట్టా, వేర్వేరా?

ప్రశ్న: మా అక్కకి 44 ఏళ్లు. ఏడాదిగా నెలసరి పదిహేను రోజులైనా ఆగేది కాదు. గర్భసంచి, రెండు అండాశయాలు తీసేశారు. గర్భసంచి లోపలి పొరలోనూ, ఎడమ అండాశయంలోనూ ‘ఎండోమెట్రియాయిడ్ క్యాన్సర్, గ్రేడ్ 1’ అని రిపోర్ట్ వచ్చింది. ఒక డాక్టర్ గారు మూడో స్టేజ్, కీమో పెట్టాలన్నారు. ఇంకొకరు మొదటి స్టేజే అన్నారు. టెన్షన్‌తో ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక చెల్లెలు, తెనాలి

జవాబు: అమ్మా, ఇద్దరూ మీకు అబద్ధం చెప్పలేదు. ఒకే రిపోర్ట్‌ని రెండు లెక్కల్లో చదివారు. అండాశయంలోకి పాకిందనుకుంటే 3ఎ స్టేజ్, ఇది 2009 లెక్క. 2023లో ఫిగో అనే అంతర్జాతీయ స్త్రీ వైద్య సమాఖ్య దీన్ని మార్చింది. రెండు గడ్డలూ తక్కువ గ్రేడువై (అంటే కణాలు చాలావరకు మామూలు కణాల్లాగే కనిపించేవి), గర్భసంచి కండరంలో సగం లోతు చేరకుండా, రక్త, లింఫు నాళాల్లోకి పెద్దగా చొరబడకుండా, అండాశయపు గడ్డ ఒక పక్కే ఉండి పైపొర చిట్లకుండా ఉంటే అది 1ఎ3. అంటే మొదటి స్టేజే.

రెండూ ఒకేలా ఉన్నాయి కదా, పాకిందేనేమో అని మీకు అనిపిస్తుంది. పోలిక ఒక్కటే చాలదు. నేను ఇరవై ఏళ్లుగా గడ్డ ముక్కల స్లైడ్లు మైక్రోస్కోప్‌లో చూస్తున్నాను. గడ్డ కంటే ముందు దాని అంచు చూస్తాను. అండాశయపు గడ్డ పక్కనే గర్భసంచి పొరలాంటి చిన్న గ్రంథులు, పాత నెత్తురు మింగి గోధుమరంగుకు తిరిగిన కణాలు కనిపిస్తే అది ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం. గడ్డ అక్కడే మొలిచి ఉండొచ్చు. గర్భసంచిలో క్యాన్సర్ చుట్టూ ఎటిపికల్ హైపర్‌ప్లేసియా (క్యాన్సర్‌కి ముందు దశలో పొర అసహజంగా పెరగడం) ఉంటే అదీ అక్కడే పుట్టిందనడానికి గుర్తు. అలా కాక రెండు అండాశయాల మీదా చిన్న చిన్న బుడిపెలు ఉండి, ఫాలోపియన్ ట్యూబ్ (అండాశయం నుంచి గర్భసంచికి వచ్చే గొట్టం) లోపల కూడా కణాలు కనిపిస్తే పాకిందనే వైపు మొగ్గుతాను.

ఒక మాట దాచకూడదు. 2016లో వచ్చిన జన్యు పరిశోధనల్లో, వేర్వేరు అనుకున్న ఇలాంటి జంట గడ్డల్లో ఎక్కువ వాటికి మూలం ఒకటేనని తేలింది. అయినా తక్కువ గ్రేడు గడ్డలున్న ఆడవాళ్లు మామూలు మూడో స్టేజ్ వాళ్లకంటే ఎంతో బాగుంటున్నారు. కొత్త లెక్క పుట్టింది అందుకే. కాబట్టి ‘ఒకటా, రెండా’ అని కుమిలిపోకండి. కండరంలో లోతు ఎంత, నాళాల్లో ఉందా, అండాశయం పైపొర చెక్కుచెదరలేదా? ఈ మూడూ రిపోర్ట్‌లో రాసి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే రాసిమ్మని అడగండి, అది మీ హక్కు. అవి తేలేదాకా కీమోకి సరే అనకండి, అలాగని వారాల తరబడి ఆలస్యమూ చేయకండి.

ఇంకొకటి, ఇది మీ కోసం కూడా. ఎమ్‌ఎమ్‌ఆర్ ప్రోటీన్ల (డీఎన్‌ఏలో పడే తప్పుల్ని సరిదిద్దేవి) పరీక్ష అదే గడ్డ మీద చేయించండి. లోపం కనిపిస్తే లించ్ సిండ్రోమ్ ఉందేమో చూడాలి, అంటే గర్భసంచి, పెద్దపేగు లాంటి క్యాన్సర్ల ముప్పు పెంచే జన్యులోపం. అది ఇంట్లో పారంపర్యంగా వస్తుంది, తోబుట్టువులకూ పరీక్ష అవసరం పడుతుంది. మీ వాళ్లలో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చిందా అన్నది డాక్టర్‌కి చెప్పండి.

సెకండ్ ఒపీనియన్‌కి కాగితాలు మాత్రమే పట్టుకెళ్లకండి. ల్యాబ్‌లో స్లైడ్లు, గడ్డ ముక్కల్ని దాచిన మైనపు బ్లాకులు అడిగి తీసుకుని, స్త్రీల క్యాన్సర్లే ఎక్కువగా చూసే పెథాలజిస్ట్‌కి (స్లైడ్లు చూసి రోగం తేల్చే డాక్టర్‌కి) ఇవ్వండి. దారిలో వాటిని ఎండలో ఆపిన కారులో వదిలేయొద్దు, మైనం మెత్తబడుతుంది.