చిట్టీ డబ్బుతో పాడ్‌కాస్ట్ మైకు కొనాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. నేను ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్ని, జీతం 26 వేలు. మా ఆయనకు చిన్న ఎలక్ట్రికల్ షాపు ఉంది, నెలకు 30 వేల దాకా మిగులుతుంది. ఇద్దరు పిల్లలు. 20 నెలల లక్ష రూపాయల చిట్టీని 12వ నెలలో పాడుకుంటే 85 వేలు చేతికొచ్చాయి. పిల్లల ఫీజుల కోసం తెచ్చిన బంగారం లోను 60 వేలు ఉంది. 12 శాతం వడ్డీ, నెలనెలా వడ్డీ మాత్రం కట్టేస్తున్నాం. పిల్లల కథలతో ఒక పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలని నాకు ఎప్పటినుంచో కోరిక. ఒక షాపువాళ్లు కొటేషన్ ఇచ్చారు: షూర్ ఎస్ఎం7బీ మైకు 38,000, ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) 14,000, హెడ్‌ఫోన్లు 8,500, మైకు ఆర్మ్ 5,500, ఫోమ్ ప్యానెళ్లు, కేబుళ్లు కలిపి 6,000. మొత్తం 72,000. నో కాస్ట్ ఈఎంఐ అయితే నెలకు 6,000 చొప్పున 12 నెలలు. జీతంలోంచి 2,000 అడ్వాన్సు కూడా ఇచ్చాను. చిట్టీ డబ్బుతో ఒకేసారి కొనేయమంటారా, ఈఎంఐ పెట్టుకోమంటారా? మా ఆయనైతే ఇదంతా దండగ అంటున్నారు.

జవాబు: రెండూ వద్దండి. పాడ్‌కాస్ట్ మాత్రం ఈ ఆదివారమే మొదలుపెట్టండి. దానికి మీకు కావలసింది 72 వేలు కాదు, ఒక వెయ్యి. రెండు నెలలు గడిచాక అవసరమనిపిస్తే ఇంకో ఆరు వేలు. ఎలాగో చెప్తాను. ముందు ఆ 85 వేల సంగతి చూద్దాం.

చిట్టీ ఎత్తగానే చాలామందికి ఏదో కలిసొచ్చినట్టు ఉంటుంది. మీరు ఇంకా ఎనిమిది వాయిదాలు కట్టాలి. నెలకు 5,000 చొప్పున ఎక్కువలో ఎక్కువ 40 వేలు, పాటలో మిగిలి సభ్యులకు పంచే డివిడెండ్ తీసేస్తే కాస్త తక్కువ. అంటే చేతిలో ఉన్నదాంట్లో సగానికి అటూఇటూ మీరు ఇప్పటికే దాచుకున్నది, మిగతాది మున్ముందు తీర్చాల్సిన అప్పు. వాయిదాలు ఎటూ నెల ఖర్చులోనే సర్దుతున్నారు కాబట్టి దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు. కానీ ఈ 85 వేలు ఖర్చు పెట్టేటప్పుడు ఇది మిగులు డబ్బు అనుకోకండి.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. సున్నా వడ్డీ అన్న మాటకే అర్థం లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు రాసిన సర్క్యులర్‌లో చెప్పింది. మీ లెక్కే చూడండి. బ్యాంకు 15 శాతం వడ్డీ వేస్తుందనుకుందాం. నెలకు 6,000 చొప్పున 12 నెలలు కట్టే అప్పు అసలు దాదాపు 66,500 అవుతుంది. మిగిలిన 5,500 వడ్డీ. దాన్ని షాపువాళ్లు డిస్కౌంట్ పేరుతో సర్దుబాటు చేస్తారు, మీకు మాత్రం 72 వేలకు 72 వేలే కనిపిస్తుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీ మీదే పడుతుంది, అదొక వెయ్యి. ప్రాసెసింగ్ ఫీజు వేరే. అన్నిటికంటే ముఖ్యం, షాపువాళ్లు బ్యాంకుకు వదులుకునే ఆ 5,500ను రొక్కమిచ్చేవాళ్లకు తగ్గించగలరు. ఈఎంఐలో కొనేవాళ్లకు ఆ బేరం ఉండదు. ఒక్క వాయిదా తప్పి బకాయి క్రెడిట్ కార్డు మీద పడిందా, నెలకు మూడు నాలుగు శాతం వడ్డీతో తడిసి మోపెడవుతుంది.

బంగారం లోను ముందు తీర్చేయండి. 60 వేలకు 12 శాతమంటే ఏడాదికి 7,200, నెలకు 600 వడ్డీ కడుతున్నారు. అసలు ఒక్క రూపాయి తగ్గలేదు. చిట్టీ డబ్బులోంచి 60 వేలు కట్టి నగలు ఇంటికి తెచ్చుకోండి. రేపు నిజంగా అవసరమొస్తే అవే నగలు పెట్టి మళ్లీ తెచ్చుకోవచ్చు. మైకు తాకట్టు పెట్టుకుని అప్పిచ్చేవాళ్లు ఎవరూ లేరు. ఇంకో 18 వేలు మీ ఆయన షాపు ఖాతాలో కాకుండా, మీ పేరు మీద విడిగా సేవింగ్స్‌లో ఉంచండి. ఆసుపత్రికో, షాపు నడవని నెలకో ఉంటాయి. మిగిలింది 7,000. పాడ్‌కాస్ట్‌కు అది. చూశారా, ఏడాదికి కట్టే బంగారం వడ్డీయే ఇంచుమించు మీ పాడ్‌కాస్ట్ బడ్జెట్!

ఈ ఏడు వేలు మొత్తం పోయినా మీ ఇంట్లో ఏమీ మారదు. సరదా కోసం పెట్టే డబ్బుకు నేను పెట్టుకునే హద్దు అదే. ఆదాయం వచ్చేదాకా మైకు పెట్టుబడి కాదు, ఖర్చే. మీ ఆయన దండగ అంటున్నది పాడ్‌కాస్ట్‌ను కాదేమో, ఆ 72 వేలను. ఏడు వేలని చెప్పి చూడండి.

ఇప్పుడు సామాను సంగతి. ఎస్ఎం7బీ మంచి మైకే, అనుమానం లేదు. కాకపోతే దానికి గెయిన్, అంటే మైకు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను పెంచే బలం, చాలా ఎక్కువ కావాలి, 60 డెసిబెళ్ల దాకా. మీ కొటేషన్‌లోని ఇంటర్‌ఫేస్‌కు అంత సత్తా లేకపోతే గొంతు సన్నగా వస్తుంది, పెంచితే వెనక స్‌స్ అని రొద. అప్పుడు షాపువాళ్లే బూస్టర్ ఒకటి చూపిస్తారు. అదో అదనపు ఖర్చు. ఇక ఫోమ్ ప్యానెళ్లు. గదిలో గొంతు గోడలకు కొట్టుకుని తిరిగి రావడాన్ని అవి కొంత తగ్గిస్తాయి, అంతే. వీధిలో పోయే ఆటో చప్పుడును ఆపవు. ఆపుతాయని నమ్మి గోడలన్నీ నింపేసినవాళ్లు ఎందరో.

నిజానికి రికార్డింగ్ బాగుండటం మైకు కంటే గది మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఈ మాట మైకులు అమ్మేవాళ్లు చెప్పరు, చెప్పాల్సిన పనీ వాళ్లకు లేదు. మీ ఇంట్లో ఒక్కో గదిలోకి వెళ్లి తలుపేసి గట్టిగా చప్పట్లు కొట్టండి. టైల్స్, ఖాళీ గోడలు ఉన్న హాల్లో ఆ చప్పుడు టంగుమని తిరిగి వినిపిస్తుంది. మంచం, పరుపు, బట్టలు ఉన్న పడకగదిలో అంతగా వినిపించదు. అదే మీ స్టూడియో. బీరువా తలుపులు బార్లా తీసి, చీరల వైపు తిరిగి కూర్చోండి. వీపు వెనక తాడు కట్టి మందపాటి బొంత వేలాడదీయండి. ఫ్యాను ఆపాలి, ఎండాకాలం కాస్త కష్టమే. అందుకే పొద్దున అయిదింటికి, గుడి మైకులో సుప్రభాతం మొదలుకాక ముందు కూర్చుంటే మేలు. మాట్లాడకుండా ఒక్క నిమిషం రికార్డ్ చేసి ఇయర్‌ఫోన్స్‌లో వినండి. వంటింట్లో ఫ్రిజ్, వరండాలో ఇన్వర్టర్, గోడ గడియారం, ఇన్నాళ్లూ మీ చెవికి పట్టని చప్పుళ్లన్నీ అందులో ఉంటాయి. వాటిని తగ్గించుకోవడానికి ఖర్చేమీ లేదు.

మొదటి ఎనిమిది కథలు మీ ఫోన్‌లోనే చెప్పండి. వెయ్యిలోపు దొరికే వైరున్న కాలర్ మైకు ఒకటి కొనుక్కోండి. బోయా బీవై-ఎం1 లాంటిది చాలు. దాని వైరు ఆరు మీటర్లు, ఫోన్ ఎంత దూరంలో పెట్టినా ఇబ్బంది లేదు. మీ ఫోన్‌కు పాత ఇయర్‌ఫోన్ రంధ్రం లేకపోతే టైప్-సి పిన్ను ఉన్నదే అడగండి. ఇక్కడ ఒక జాగ్రత్త. మైకును పైట అంచుకు పెట్టుకుంటే నల్లపూసలు, గొలుసు తగిలి ప్రతి వాక్యం వెనక చిటపటలు వస్తాయి. గడ్డానికి జానెడు కింద, నగలు తగలని చోట పిన్ను పెట్టండి. గాజులు తీసి పక్కన పెట్టండి, కథ చెప్పేటప్పుడు చేతులు ఊరుకోవు కదా! పట్టుచీర, గంజి పెట్టిన కాటన్ చీర రెండూ గరగరలాడతాయి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి.

ఎడిటింగ్‌కు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, మామూలు లాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. రికార్డింగ్‌ను వేవ్ ఫైల్‌గా దాచుకోండి. మోనోలో (ఒకే చానల్‌లో) నిమిషానికి అయిదు ఎంబీ చిల్లర, ఇరవై నిమిషాల కథ వంద ఎంబీ దాటుతుంది. పాడ్‌కాస్ట్‌ను పెట్టడానికి స్పాటిఫై వాళ్ల క్రియేటర్స్ సేవ డబ్బు తీసుకోదు, యూట్యూబ్ సంగతి తెలిసిందే. హెడ్‌ఫోన్లు వద్దు, ఇంట్లో ఉన్న వైరు ఇయర్‌ఫోన్స్‌తో పని జరుగుతుంది. బ్లూటూత్‌వి మాత్రం వాడకండి, మాట ఆలస్యంగా వినిపిస్తుంది.

వారానికొకటి చొప్పున ఎనిమిది కథలు పూర్తయ్యాయా? అప్పుడు మిగిలిన ఆరు వేలు బయటికి తీయండి. యూఎస్‌బీ ఉన్న డైనమిక్ మైకు, అంటే దగ్గరి గొంతునే ఎక్కువగా పట్టుకునే రకం, కొనండి. శాంసన్ క్యూ2యూ, ఆడియో-టెక్నికా ఏటీఆర్2100ఎక్స్ ఈ రకానివే. వీటికి యూఎస్‌బీతో పాటు పెద్ద స్టూడియో కేబుల్ పెట్టే చోటూ ఉంటుంది. ఇప్పుడు నేరుగా లాప్‌టాప్‌కు తగిలించవచ్చు, ఎప్పుడైనా ఇంటర్‌ఫేస్ కొంటే అదే మైకు దానికీ పనికొస్తుంది. ధరలు ఆన్‌లైన్‌లో ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. ఆరు వేలు దాటితే తగ్గేదాకా ఆగండి, లేదా అదే పద్ధతిలో పనిచేసే ఇంకో కంపెనీది చూడండి. సెకండ్ హ్యాండ్‌కూ వెనకాడక్కర్లేదు. డైనమిక్ మైకులు గట్టివి, కొనేముందు తగిలించి ఒక నిమిషం మాట్లాడి వింటే చాలు. నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కాస్త పక్కకు తిప్పి పెట్టుకోండి. ఎదురుగా పెడితే ప, ఫ, భ పలికినప్పుడల్లా గాలి కొట్టి టప్ టప్ మంటుంది. భీముడి కథ చెప్పేవాళ్లకు ఆ బాధ తెలుస్తుంది.

రెండు వేలకే మైకు, స్టాండు, ఫోమ్ అన్నీ పెట్టెలో సర్ది అమ్మే కండెన్సర్ కిట్‌ల మీద మీ కన్ను పడుతుంది. మెయిన్ రోడ్డు పక్కన ఉండే ఇంటికి అవి పనికిరావు. మీ గొంతుతో పాటు పక్కింటి కుక్కరు విజిల్‌నూ పట్టుకుంటాయి.

ఆదాయం గురించి మీరు అడగలేదు కానీ 72 వేలు తిరిగొస్తాయన్న ఆశ ఎక్కడో ఉండి ఉంటుంది. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు మొదలవ్వాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. మీ కథను ఒక్కొక్కరు సగటున ఎనిమిది నిమిషాలు విన్నారనుకున్నా 30 వేల సార్లు వినాలి. పైగా మీవి పిల్లల కథలు. పిల్లల కోసం చేసిన వీడియోల మీద చూసేవాళ్ల అలవాట్లను బట్టి వేసే ప్రకటనలను యూట్యూబ్ 2020 నుంచి ఆపేసింది. అందువల్ల వచ్చేది తక్కువే, కింద కామెంట్లు కూడా ఉండవు. అదీ ఖాతాలో వంద డాలర్లు చేరాకే చేతికిస్తారు. ఆశ పెట్టుకోవద్దనడం లేదు, దాని మీద అప్పు పెట్టుకోవద్దంటున్నాను. వచ్చిననాడు ఐటీ రిటర్నులో చూపించండి, మీ జీతం స్థాయిలో పన్ను భయం లేదు.

డబ్బుకు సంబంధించిందే ఇంకో మాట. పాత పత్రికల్లోని కథలు చదివి పెడదామనుకుంటే జాగ్రత్త. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కులు వారసులవి. 1964లో పోయిన రచయిత కథలకు ఆ గడువు 2024 చివరితో ముగిసింది. గడువు ఇంకా ముగియనివైతే అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. మొదట్లో సినిమా పాట ట్యూను పెట్టాలనిపిస్తుంది, అదీ వద్దు. మీ అమ్మమ్మ చెప్పిన కథలకు మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు, నన్నడిగితే అవే ముందు చెప్పండి.

చివరికి ఆ 2,000 అడ్వాన్సు. తిరిగివ్వమని మర్యాదగా అడగండి, ఇవ్వకపోతే అదే డబ్బుకు కాలర్ మైకు, ఒక చిన్న టేబుల్ స్టాండు ఇమ్మనండి. చాలా షాపులు దానికి ఒప్పుకుంటాయి. మీకు ఎలాగూ అవి కొనాల్సినవే, ఏడు వేలలో ఇంకో వెయ్యి మిగులుతుంది. దానికీ ఒప్పుకోకపోతే ఆ రెండు వేలు పోయినట్టే అనుకోండి, వాటిని కాపాడుకోవడానికని ఇంకో 70 వేలు మాత్రం కట్టకండి. రసీదు ఉంటే, అడ్వాన్సు తిరిగివ్వబడదు అని అందులో రాసి ఉందో లేదో చూసి వెళ్లండి.