ముందు మేనరు, తర్వాతే ఇంటిపేరు

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: మధ్యయుగ ఇంగ్లండ్ భూస్వామ్య కుటుంబాల జాడ

ఇంగ్లండ్‌లో ఉంటున్న మన పాఠకులూ, ఇక్కడ యూరప్ చరిత్ర చదువుతున్న విద్యార్థులూ పంపిన ప్రశ్నల్లో ఒకే విషయం చుట్టూ తిరిగేవాటిని ఈసారి ఒకచోట చేర్చాం.

ప్రశ్న: మా ఊరి చర్చిలో 14వ శతాబ్దపు నైట్ సమాధి ఒకటి ఉంది. ఆయన ఇంటిపేరుతో ఒక వంశవృక్షాల సైటులో వెతికితే గంటలోనే 1066 నార్మన్ దండయాత్ర దాకా చెట్టు తయారైంది. దీన్ని ఎంతవరకు నమ్మొచ్చు?
(ఒక పాఠకురాలు, రెడింగ్)

జవాబు: 1500కు ముందున్న కొమ్మలన్నీ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. అలాంటి సైట్లలో ఒకరు చేసిన ఊహను వందమంది ఎత్తి రాసుకుంటారు, ఆ వందమందినే సాక్ష్యంగా చూపిస్తారు.

ఇంటిపేరుతో మొదలుపెట్టడంలోనే చిక్కుంది. 12, 13 శతాబ్దాల ఇంటిపేర్లలో చాలామటుకు ఊరిపేర్లే. ఒకే ఊరిపేరు పెట్టుకున్న రెండు కుటుంబాలకు చుట్టరికం ఉండాలని ఏమీ లేదు. సొంత అన్నదమ్ములు వేరువేరు మేనర్లలో (ఒక ప్రభువు చేతిలో ఉండే ఎస్టేట్లలో) స్థిరపడి వేరువేరు పేర్లతో కనిపించడమూ మామూలే. ఆస్తి కూతురి ద్వారా వస్తే, మనవడు తల్లివైపు ఇంటిపేరు తీసుకున్న సందర్భాలూ ఉన్నాయి. భూమి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కాబట్టి మనవాళ్ళు స్థలం కొనేముందు లింకు డాక్యుమెంట్లు వెనక్కి తిరగేసినట్టు, మేనరును పట్టుకుని ఒక్కొక్క చేతి మార్పిడినీ వెనక్కి వెతకాలి.

మీ కౌంటీకి విక్టోరియా కౌంటీ హిస్టరీ (ఒక్కో కౌంటీ చరిత్రను ఊరివారీగా ఇచ్చే పుస్తకమాల) సంపుటం ఉందేమో ముందు చూడండి. 1899లో మొదలైన ఈ పని ఇంకా పూర్తి కాలేదు. బర్క్‌షైర్ సంపుటాలు చాలాకాలం కిందటే వచ్చాయి, నార్ఫోక్‌కు మాత్రం రెండు సాధారణ సంపుటాలే ఉన్నాయి. పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) వ్యాసంలో మేనరు ఎవరి నుంచి ఎవరికి పోయిందో వరసగా ఇస్తారు. అసలు సొమ్ము అడుగున ఉన్న ఫుట్‌నోట్లలో ఉంది. ప్రతి ఫుట్‌నోటూ ఏ రికార్డును చూపిస్తుందో రాసుకుని, ఒక పట్టిక గీయండి: సంవత్సరం, భూమి ఎవరి చేతిలో ఉంది, వారికి పై ప్రభువు ఎవరు, ఎలా వచ్చింది (వారసత్వమా, పెళ్ళా, కొనుగోలా, వితంతువు వాటాయా), రికార్డు నంబరు. చివరి గడి ముఖ్యం. తండ్రీకొడుకుల సంబంధం రికార్డులోనే మాటల్లో ఉంటే ‘ఉంది’ అని, తేదీలు సరిపోతున్నాయని మీరు కలిపితే ‘ఊహ’ అని రాయండి. వరసగా రెండు ఊహలు వస్తే అక్కడ ఆగిపోవాలి.

ప్రశ్న: మరణానంతర విచారణ పత్రాల్లో వారసుడి పేరు, వయసు ఉంటాయి కదా. ఒక కుటుంబంలో ఒకే వారసుడికి ఒక కౌంటీలో 24 ఏళ్ళు, ఇంకో కౌంటీలో 30 ఏళ్ళు అని ఉంది. ఏది తీసుకోవాలి?
(ఎం.ఏ. విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: రెండూ రాసుకోండి, ఏదో ఒకదాన్ని ‘సరైనది’ అని ఎంచకండి. ఆ కాగితం ఎందుకు పుట్టిందో చూస్తే తేడా ఎందుకొచ్చిందో తెలుస్తుంది.

రాజు నుంచి నేరుగా భూమి పొందిన వ్యక్తి చనిపోతే, వారసుడు మైనరైతే ఆ భూమి ఆదాయమూ, ఆ పిల్లవాడి పెళ్ళి హక్కూ రాజుకు వస్తాయి. మేజరైతే ‘రిలీఫ్’ అనే చెల్లింపు కట్టి భూమి తీసుకుంటాడు, ఒక నైట్ ఫీజుకు (ఒక నైట్ సేవకు బదులుగా ఇచ్చిన భూమికి) 100 షిల్లింగులు. అందుకని ఛాన్సరీ (రాజు ఆజ్ఞాపత్రాల కార్యాలయం) నుంచి ఆజ్ఞ వెళ్ళగానే ఆ కౌంటీ ఎస్చీటరు (రాజు భూమి హక్కులు చూసే అధికారి) స్థానికుల జూరీని కూర్చోబెట్టి అడిగేవాడు: ఏ భూములు ఉన్నాయి, ఎవరి కింద, ఏ సేవకు, ఏటా ఎంత వస్తుంది, ఎప్పుడు చనిపోయాడు, దగ్గరి వారసుడు ఎవరు, వయసెంత. రాజుకు కావలసింది వారసుడికి 21 దాటాయా లేదా అన్నదే. దాటితే ‘30 ఏళ్ళూ ఆపైన’ అని గుండుగా చెప్పి జూరీ లేచిపోయేది. పైగా ఒక్కో కౌంటీలో ఒక్కో జూరీ. వారసుడు ఎన్నడూ అడుగుపెట్టని కౌంటీ జూరీకి అతని వయసు ఏం తెలుస్తుంది? ఆ కుటుంబం నివాసం ఉన్న కౌంటీ జూరీ మాటకు కొంచెం ఎక్కువ బరువివ్వండి. 21కి లోపున్న వయసులు, ముఖ్యంగా ‘గత మైకేల్మస్‌కు 7 ఏళ్ళు’ లాంటివి (మైకేల్మస్ అంటే సెప్టెంబరు 29 నాటి సెయింట్ మైకేల్ పండుగ), సాధారణంగా నమ్మదగినవి, ఎందుకంటే అక్కడ డబ్బుంది.

మైనరు పెద్దవాడయ్యాక ‘వయసు రుజువు’ విచారణ జరిగేది. మగవారికి 21, ఆడవారికి పెళ్ళయితే 14, కాకపోతే 16. సాక్షులు ‘ఆ రోజే నా కొడుక్కి బాప్తిస్మం’, ‘ఆ రోజే గుర్రం మీంచి పడి కాలు విరిగింది’ అని చెప్పినట్టు ఉంటుంది. చదవడానికి బాగుంటాయి గానీ, అవే జ్ఞాపకాలు వేరువేరు ఊళ్ళ రుజువుల్లో మక్కికిమక్కీగా దొరికాయి. పుట్టిన తేదీకి వాడుకోండి, కాలు విరిగిన కథను చరిత్రగా రాయకండి.

మరో మూడు చోట్ల జారిపడతారు. చనిపోయినవాడి పేరుతో ఉన్న భూమి అసలు భార్య పుట్టింటిది కావచ్చు. ప్రాణంతో బిడ్డ పుట్టి ఉంటే, భార్య పోయాక ఆమె భూమిని భర్త బతికినన్నాళ్ళూ అనుభవించేవాడు, కాబట్టి ఆ భూమికి వారసుణ్ణి ఆమె వైపు నుంచి చూస్తారు. వితంతువు చేతిలో మూడోవంతు ఉండిపోతుంది, అది ఆమె చనిపోయాక మరో విచారణలో బయటపడుతుంది. కొడుకులు లేకపోతే పెద్ద కూతురికే మొత్తం పోదు, కూతుళ్ళందరికీ సమానంగా చీలుతుంది. ‘మేనరులో మూడోవంతు’ అని కనిపించిందంటే వెనక ముగ్గురు అక్కచెల్లెళ్ళు ఉన్నారేమో వెతకండి. కెంట్ కౌంటీలో అయితే గావెల్‌కైండ్ ఆచారం ప్రకారం కొడుకులందరికీ సమాన వాటా.

14వ శతాబ్దం చివరికి వచ్చేసరికి చాలామంది భూమిని ముందే నమ్మకస్తుల పేర రాసేసి, అనుభవం మాత్రం తమ దగ్గర ఉంచుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు జూరీ ‘ఈయనకు ఈ కౌంటీలో భూమి లేదు’ అని చెబుతుంది. అది ఆస్తి పోయిందనడానికి రుజువు కాదు.

ఈ పత్రాలు ఇంగ్లండ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో సీ (C) 132 నుంచి సీ 142 వరకూ ఉన్న వరసల్లో ఉంటాయి. ఛాన్సరీ ప్రతి చెదలు తిన్నా, మరకలతో చెడినా ఖజానాకు వెళ్ళిన ప్రతి E 149 వరసలో (హెన్రీ 7 నుంచి E 150లో) దొరకొచ్చు. అచ్చయిన సంగ్రహాల్లో పాత సంపుటాలు చూస్తున్నట్టయితే, జూరీ పేర్లూ భూమి విలువల వివరాలూ అందులో వదిలేశారని గుర్తుంచుకోండి. పక్క భూస్వాముల పేర్లు జూరీలోనే దొరుకుతాయి కాబట్టి అసలు పత్రం చూడాల్సిందే.

ప్రశ్న: ‘ఫీట్ ఆఫ్ ఫైన్స్’లో మా పరిశోధన కుటుంబం మేనరును 100 మార్కులకు అమ్మినట్టు ఉంది. ధర అంత తక్కువేమిటి?
(ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: అది ధర అని అనుకోకండి. ఒక మార్కు అంటే 13 షిల్లింగుల 4 పెన్నీలు. 100 మార్కులు, 20 పౌండ్లు లాంటి గుండు అంకెలు చాలాసార్లు ఆనవాయితీగా వేసినవే.

ఈ ఫైన్ జరిమానా కాదు, రాజు కోర్టులో కుదిరిన రాజీ. కొనేవాడు దావా వేసినట్టూ, అమ్మేవాడు ఒప్పుకున్నట్టూ నాటకం. 1195 జులై నుంచి ఒకే తోలుపత్రం మీద ఒప్పందాన్ని మూడుసార్లు రాసి, వంకరటింకరగా కోసి, రెండు ముక్కలు ఇరుపక్షాలకూ, అడుగు ముక్క ఖజానాకూ ఇచ్చేవారు. ఇళ్ళలో ఉన్నవి ఎక్కువగా పోయాయి, ఖజానా ముక్కలు సీపీ 25/1లో మిగిలాయి.

ధర వదిలేసి, అమ్మేవాడి పక్కన భార్య పేరుందా అని చూడండి. ఉంటే, హామీ వాక్యంలో ‘ఆలిస్ వారసులు’ అని ఉందో, ‘జాన్ వారసులు’ అని ఉందో గమనించండి. భార్య వారసులు అని ఉంటే ఆ భూమి దాదాపుగా ఆమె పుట్టింటి ఆస్తే. మీకు దొరకని పెళ్ళి సంబంధం ఆ ఒక్క ముక్కలో దొరుకుతుంది. అలాగే, అమ్మినవాడికే తిరిగి ‘ఇతనికీ, ఇతని భార్యకూ, వీళ్ళ సంతానానికీ, లేకుంటే తమ్ముడికీ’ అని రాసి ఇచ్చి ఉంటే అది అమ్మకం కాదు, కుటుంబ ఏర్పాటు. రెండు తరాల పేర్లు వరసగా ఉంటాయి.

ప్రశ్న: ‘ఎడ్వర్డ్ 3 పాలన 12వ ఏట, సెయింట్ మైకేల్ పండుగ తర్వాతి సోమవారం’ అంటే ఏ తేదీ?
(తిరుపతి నుంచి)

జవాబు: 1338 అక్టోబరు 5. ఎడ్వర్డ్ 3 పాలన 1327 జనవరి 25న మొదలైంది, కాబట్టి 12వ ఏడు 1338 జనవరి 25 నుంచి 1339 జనవరి 24 వరకు. మైకేల్ పండుగ సెప్టెంబరు 29, ఆ ఏడు మంగళవారం పడింది. రాజుల ఏళ్ళు ఒక్కొక్కరికి ఒక్కో రోజున మారతాయి. జాన్ రాజుకైతే క్రీస్తు ఆరోహణ పండుగతో మొదలవుతుంది, ఆ పండుగ ఏటా కదులుతుంది కాబట్టి అతని ఏళ్ళ పొడవు కూడా సమానం కాదు. క్రీస్తుశకం అంకెలతో ఉన్న తేదీల్లోనూ ఉచ్చు ఉంది: ఏడాది మార్చి 25న మారేది. 1340 ఫిబ్రవరి 10 అని ఉంటే మన లెక్కన 1341. ఈ లెక్క తప్పితే తండ్రి పోకముందే కొడుకు వారసుడైపోతాడు.

ప్రశ్న: నేను చూస్తున్న కుటుంబానికి ఒక్క మరణానంతర విచారణ కూడా లేదు. రికార్డులు పోయినట్టేనా?
(ఒక పాఠకుడు, లండన్)

జవాబు: పోయి ఉండకపోవచ్చు, అసలు పుట్టకపోయి ఉండొచ్చు. రాజు కింద కాక మరో ప్రభువు కింద భూమి ఉంటే, ఆయన చనిపోయినా రాజుకు పని లేదు. అప్పుడు ఆ పై ప్రభువు రికార్డులు వెతకాలి. మేనోరియల్ డాక్యుమెంట్స్ రిజిస్టర్‌లో మేనరు పేరు కొడితే ఏ కోర్టు రోల్ (మేనరు కోర్టు నమోదుల చుట్ట) ఎక్కడుందో చెబుతుంది. 1381 తిరుగుబాటులో రైతులు కోర్టు రోల్స్‌ను కుప్పలు పోసి తగలబెట్టిన చోట్ల ఖాళీలు తప్పవు. దగ్గర్లోని మఠం దానపత్రాల పుస్తకాలూ చూడండి. ‘నా తండ్రి ఫలానా ఆత్మశాంతికి, నా భార్య, నా పెద్దకొడుకు సమ్మతితో’ అని దాతలు రాయించేవారు. నకలు రాసిన సన్యాసులు సాక్షుల జాబితాను కత్తిరిస్తారన్నది ఒక ఇబ్బంది. 1290 ప్రాంతానికి ముందు దస్తావేజులకు ఎక్కువగా తేదీ ఉండదు, సాక్షులను బట్టే కాలం కట్టాలి మరి.

15వ శతాబ్దమైతే సీపీ 40లోని (కామన్ ప్లీస్ అనే రాజు కోర్టు) దావా రోల్స్ చూడండి. 1413 చట్టంతో ప్రతివాది పేరు పక్కన హోదా లేదా వృత్తి, నివాసం రాయడం తప్పనిసరైంది. అదే పేరున్న ముగ్గురు జాన్‌లలో ఎస్క్వయిర్ (నైట్ కన్నా ఒక మెట్టు కింది కులీనుడు) ఎవరో, గొర్రెల వ్యాపారి ఎవరో అక్కడ తేలుతుంది.

ప్రశ్న: మా ప్రొఫెసరు ‘నార్మన్ దండయాత్రతో వచ్చిన కుటుంబం’ అన్న మాటను ఎప్పుడూ కొట్టేస్తారు. డూమ్స్‌డే బుక్‌లో పేరుంటే చాలదా?
(వరంగల్ నుంచి)

జవాబు: చాలదు, మీ ప్రొఫెసరుది సరైన పట్టుదల. 1086 నాటి ఆ సర్వేలో కింది భూదారులు చాలామంది ఒట్టి ‘రాల్ఫ్’, ‘విలియం’. ఒకే జిల్లాలో ముగ్గురు రాల్ఫ్‌లు ఉంటారు. ఆ తర్వాత 1129–30 నాటి ఒక్క పైప్ రోల్ (రాజు ఖజానా వార్షిక లెక్కల చుట్ట), 1155–56 నుంచి వరసగా వచ్చే పైప్ రోల్స్, 1166లో హెన్రీ 2 తన బేరన్లను (తన కింది పెద్ద భూస్వాములను) ‘మీ కింద ఎందరు నైట్లు, 1135కు ముందు ఇచ్చిన భూములు ఏవి’ అని అడిగి రాయించిన జవాబులు ఉన్నాయి. 1086 రాల్ఫ్ భూములన్నీ 1166లో ఒకే మనిషి చేతిలో, అదే బేరన్ కింద కనబడితే వారసత్వం ‘బహుశా’. ఒక్క మేనరే కలిస్తే ఏమీ కాదు. ఈ 80 ఏళ్ళ మధ్యలోనే ఎక్కువ వంశవృక్షాలు కల్పితమౌతాయి.

కల్పన అప్పట్లోనే మొదలైంది. నార్ఫోక్‌లోని పాస్టన్ కుటుంబాన్నే చూడండి. 1419లో చనిపోయిన క్లెమెంట్ పాస్టన్ సొంతంగా నాగలి దున్నుకున్న రైతు అని, వంద, నూట ఇరవై ఎకరాలకు మించి లేవని, అందులో చాలా భాగం బానిస సేవ కిందిదేనని గిట్టనివాళ్ళు రాసిన కాగితం ఒకటి మిగిలింది. ఆయన కొడుకు విలియం లా చదివి 1429లో న్యాయమూర్తి అయ్యాడు. మనవడు జాన్ కాలంలో శత్రువులు పుట్టుకను ఎత్తిచూపితే, 1466లో కుటుంబం పాత దస్తావేజులు చూపించి, తాము 1066 దండయాత్ర నాటి నుంచీ కులీనులమేనని ఎడ్వర్డ్ 4 చేత ప్రకటన చేయించుకుంది. రాజముద్ర ఉన్నంత మాత్రాన నిజమైపోదు, గిట్టనివాళ్ళది కాబట్టి మొదటి కాగితమూ పూర్తి నిజం కానక్కర్లేదు. రెండింటిలో ఏది ఎవరి అవసరం కోసం రాశారో మీ పట్టికలో రాయాలి. 1530 నుంచి 1688 వరకు హెరాల్డులు (వంశచిహ్నాలు చూసే రాజాధికారులు) కౌంటీలు తిరిగి రాసుకున్న వంశావళులకూ ఇదే వర్తిస్తుంది. ఇంటాయన తాత వరకు బాగానే చెబుతాడు, ఆపైన చెప్పేవన్నీ రికార్డుతో సరిచూడాలి.

ప్రశ్న: ఇండియా నుంచే ఇదంతా చేయొచ్చా?
(గుంటూరు నుంచి)

జవాబు: సగానికి పైగా చేయొచ్చు. బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్‌లో కౌంటీ చరిత్రలు, విచారణల సంగ్రహాలు చాలా ఉన్నాయి. హ్యూస్టన్ విశ్వవిద్యాలయం వారి ఆంగ్లో-అమెరికన్ లీగల్ ట్రెడిషన్ సైటులో సీపీ 40, సీపీ 25/1 రోల్స్ ఫోటోలు ఉచితం. లాటిన్, పాత చేతిరాత పాఠాలు నేషనల్ ఆర్కైవ్స్ సైటులోనే ఉచితంగా ఉన్నాయి. రోల్ చదవడానికి కూర్చునే ముందు అచ్చయిన ఒక ఫైన్‌ను, దాని ఫోటోను పక్కపక్కన పెట్టి పది సార్లు సాధన చేయండి. ఫైన్ల మాటల అల్లిక ఎప్పుడూ ఒకటే, పేర్లే మారతాయి. నేషనల్ ఆర్కైవ్స్ ఉన్న లండన్‌లోని క్యూ (Kew) ప్రాంతానికి వెళ్ళే అవకాశం వస్తే రీడర్స్ టికెట్ ఉచితం, పేరుకూ చిరునామాకూ గుర్తింపు పత్రాలు తీసుకెళ్ళాలి, లోపలికి పెన్సిలే. ఫోన్‌తో ఫోటోలు తీసుకోనిస్తారు. ప్రతి పత్రానికీ మొదటి ఫోటో దాని నంబరు చీటీదై ఉండాలి. లేదంటే ఇంటికొచ్చాక ఏ ఫోటో ఏ రోల్‌లోదో తేల్చుకోలేరు.