గిత్తకి టెస్టోస్టిరాన్ సూది వేయించబాకన్నా, మా అనుభవం చెప్తా

నాలుగేళ్ల ఒంగోలు గిత్త ఆవుల మీదకి సరిగ్గా పోవట్లేదు, టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) వేయిస్తే దారికొస్తుందా అని అడిగావు కదన్నా. వేయించబాక. మేం వేయించి ఏడాది పోగొట్టుకున్నాం.

మాది ఒంగోలు పక్కన పల్లె. మా నాయన విత్తనానికని ఉంచిన గిత్త మూడేళ్ల కిందట మే ఎండలకి డీలా పడింది, ఎదకొచ్చిన ఆవుని తోలుకొస్తే వాసన చూసి పక్కకి తిరిగి నిలబడేది. మందుల షాపాయన మాట విని వారానికొకటి చొప్పున ఐదు సూదులు పొడిపించాం. ఊపొచ్చిన మాట నిజమే, రంకెలేసింది, పలుపు తెంపుకుంది, వచ్చిన ఆవునల్లా దాటింది. మేం సంబరపడ్డాం. మూడు వారాలు తిరిగేసరికి ఆవులన్నీ మళ్లీ ఎదకొచ్చినయ్, ఒక్కటీ చూడి నిలవలా. తోలుకొచ్చినోళ్ల ముందు మా నాయన తలెత్తుకోలేకపోయాడు.

పశువుల డాక్టరు గారొచ్చి వృషణాల చుట్టూ టేపు పెడితే 31 సెంటీమీటర్లు, ముందేడాది ఆయనే కొలిస్తే 35. వీర్యం చుక్క మైక్రోస్కోప్ కింద పెట్టి నన్నే చూడమన్నారు, వీర్యకణాలు గుంపుగా సుడులు తిరగాల్సింది అక్కడొకటి ఇక్కడొకటి కొట్టుకుంటా ఉన్నయ్.

ఆయన చెప్పిందేంటంటే, వృషణాలు పనిచెయ్యాలంటే మెదడు కింద పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లు రావాలి, బయట నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే రక్తంలో చాలినంత ఉందనుకుని మెదడు వాటిని తగ్గించేస్తుంది, వృషణాల లోపల మాత్రం రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటేనే వీర్యకణాలు తయారవుతాయి, అంత సూదితో రాదు. అందుకే దాటే ఊపు ఉన్నా విత్తనం ఉండదు, ఆ రెండూ వేరన్నా, మేం దెబ్బతింది అక్కడే.

సూదులు ఆపి, వేపచెట్టు నీడన కట్టి, మధ్యాహ్నం నీళ్లు చల్లి, పచ్చిగడ్డి, మినరల్ మిక్చర్ పెట్టాం. వీర్యకణం తయారవడానికే రెండు నెలలు, పక్వానికి రావడానికి ఇంకో పది రోజులు పడుతుంది కాబట్టి వెంటనే ఏమీ కనపడలా. సంక్రాంతి దాటాకే మొదటి ఆవు చూడి కట్టింది.

నువ్వు ముందు వీర్యం పరీక్ష, బ్రూసెల్లా (ఈడ్చుకుపోయే అంటురోగం) రక్త పరీక్ష చేయించు, గిట్టల్లో పుండ్లున్నాయేమో చూడు, కాలు నొప్పున్నా మీదకి ఎక్కదు. ఈమధ్య గాలికుంటు గానీ గట్టి జ్వరం గానీ వచ్చిందేమో రాయన్నా, అదే అయితే రెండు మూడు నెలలు ఆగి మళ్లీ పరీక్ష చేయించొచ్చు.